నీటి తరువాతే నూనె

నంద్యాల జిల్లా అవుకు పరిసరాల్లోని నాపరాతి గనుల్లోనూ, పాలిష్ ఫ్యాక్టరీల్లోనూ పనిచేసేవారి చేతులు, మడమలు పగలడానికి ఎండనొక్కదాన్నే తప్పుపట్టడం సరికాదు. రాతి రాపిడి, సున్నపురాతి దుమ్ము, రోజంతా తడిసి ఆరడం, ఇంటికి చేరాక ఆ దుమ్మును వదిలించే గాఢమైన సబ్బు, ఇవన్నీ కలిసి చర్మం పైపొరలోని సహజమైన కొవ్వును హరిస్తాయి.

స్ట్రాటమ్ కార్నియమ్ అని పిలిచే ఈ పైపొరలో జీవం ఉడిగిన చదునైన కణాలు, పేర్చిన నాపరాళ్ల వలె, వరుసలు వరుసలుగా ఉంటాయి. వాటి సందులను పూడ్చి, లోపలి నీరు ఆవిరై పోకుండా అడ్డుకునే అడుసు వంటివే లిపిడ్లు, అంటే కొవ్వు జాతి పదార్థాలు. వీటి బరువులో దాదాపు సగం సెరమైడ్లు కాగా, తక్కినది ప్రధానంగా కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. కొన్ని కీలకమైన సెరమైడ్ల తయారీకి లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం అవసరమనీ, దానిని శరీరం సొంతంగా తయారుచేసుకోలేదనీ తరువాతి పరిశోధనలు తేల్చాయి గాని, కొవ్వు లేని ఆహారం తిన్న ఎలుకల చర్మం పొలుసులు కట్టిందని శాస్త్రవేత్తలైన బర్ దంపతులు 1929లోనే చూపారు.

నల్లరేగడి రైతులకు పరిచయమైన పొద్దుతిరుగుడు గింజల నూనెలో లినోలిక్ ఆమ్లం సమృద్ధిగా ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు ఢాకాలో ఈ నూనె రాసి చూడగా, ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయని 2005లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. ఓలిక్ ఆమ్లం అధికంగా ఉన్న ఆలివ్ నూనె మాత్రం పెద్దల చర్మపు పైపొరను బలహీనపరిచినట్లు 2013లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది. కనుక నూనెలన్నీ ఒకటే అనుకోరాదు. చిక్కని ఆముదం ప్రధానంగా పైన కప్పుగా నిలిచి తేమను ఆపుతుంది.

నూనెలో నీరు ఉండదు. అది ఉన్న తేమను నిలపగలదే తప్ప లేని తేమను తేలేదు. పండుగనాటి తలంటులో ఒంటికి పట్టించిన నూనెను సున్నిపిండి చాలావరకు తుడిచేస్తుంది కాబట్టి, ఆ ఆచారం ఎంత హాయినిచ్చినా పగుళ్లకు అదే మందు కాదు. గనినుంచి వచ్చినవారు గోరువెచ్చని నీటితో, తక్కువ సబ్బుతో దుమ్ము కడుక్కొని, గుడ్డతో రుద్దకుండా అద్దుకొని, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే నాలుగు చుక్కల నూనె రాసుకోవడం మేలు. పగుళ్లు నెత్తురోడితే మాత్రం నూనెతో సరిపెట్టక వైద్యుణ్ణి చూడాలి.