అమ్మకు పంపే పెట్టె

డల్లాస్‌లో ఉంటున్న కూతురు తెనాలి దగ్గర పల్లెలో ఉన్న తల్లికి నడక బూట్లు, మోకాళ్ల పట్టీలు, మనవడి ఫొటోల ఆల్బం పంపాలనుకుందనుకోండి. సర్దడం సరదాగానే సాగిపోతుంది. చిక్కంతా ఆ తర్వాతే.

పెట్టెలో ఏముందో కస్టమ్స్ ఫారంలో ఒక్కో వస్తువూ విడిగా, దాని బరువూ విలువా వేసి రాయాలి. చేత్తో రాసిచ్చే రోజులు పోయాయి, ఆ వివరాలు పార్సిల్ కంటే ముందే కంప్యూటర్ల ద్వారా అవతలి దేశానికి చేరాలి. ఇక చిరునామా. ‘రామాలయం వీధి, వాటర్ ట్యాంకు ఎదురుగా’ అంటే ఊరి పోస్ట్‌మ్యాన్ కళ్లు మూసుకుని వెళ్లిపోతాడు. ఫారంలోని గడిలో అది సగానికే ఆగిపోతుంది.

కానుకే కదా అని ‘గిఫ్ట్’ అని టిక్కు పెట్టినంత మాత్రాన సుంకం తప్పదు. ఒకప్పుడు తక్కువ విలువ కానుకలకు ఆ బాధ ఉండేది కాదు. విదేశీ ఆన్‌లైన్ వ్యాపారులు కొందరు సరుకునే కానుకల పేరుతో దించుతున్నారని, 2019 డిసెంబరులో భారత ప్రభుత్వం ఆ దారి మూసేసింది. ప్రాణాధార మందులను, రాఖీని మాత్రం వదిలిపెట్టింది. చెల్లెలు అన్నకు పంపే రాఖీకి ఉన్న మన్నన కూతురు అమ్మకు పంపే మోకాళ్ల పట్టీకి లేకపోవడం అన్యాయం. వ్యాపారులు చేసిన తప్పుకు కుటుంబాలు మూల్యం చెల్లిస్తున్నాయి.

పోనీ కొరియర్‌లో పంపుదామంటే అక్కడి తూకమే వేరు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. 50, 40, 30 సెంటీమీటర్ల పెట్టె లోపల మూడు కిలోలే ఉన్నా 12 కిలోల లెక్క కట్టాల్సిందే.

డబ్బు సంగతి ఎలాగో సర్దుకోవచ్చు. అసలు బరువు పడేది తల్లి మీద. పార్సిల్ ఇండియాలో దిగాక ఆమె ఫోనుకు ఇంగ్లిష్‌లో మెసేజ్ వస్తుంది: ఆధార్ అప్‌లోడ్ చేయండి, సుంకం కట్టండి, ఈ లింకు నొక్కండి. పార్సిల్ పేరు చెప్పి ఆధార్ అడిగేవాళ్లను నమ్మొద్దని పోలీసులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. కొరియర్‌లో మత్తుమందులు దొరికాయని బెదిరించి లక్షలు కాజేసిన ముఠాల వార్తలు ఆమె టీవీలో చూసే ఉంటుంది. నిజమైన మెసేజ్, దొంగ మెసేజ్ ఒకేలా ఉంటే ఆమె ఏది నమ్మాలి? కూతురికి ఫోన్ చేద్దామంటే అక్కడ అర్ధరాత్రి. ఆమె భయపడి ఊరుకుంటే, పెట్టె కస్టమ్స్‌లో పడి ఉంటుంది.

దీనికి మందు లేకపోలేదు. ఇండియా నుంచి అమెరికా వెళ్లే పార్సిళ్లకు అది ఇప్పటికే దొరికింది. 2025 ఆగస్టులో అమెరికా 800 డాలర్ల లోపు పార్సిళ్లకున్న సుంకం మినహాయింపు ఎత్తేసినప్పుడు, ఇండియా పోస్ట్ అక్కడికి పార్సిళ్ల బుకింగ్ ఆపేసింది. ఆవకాయ, పూతరేకులు పంపే ఇళ్లవాళ్లు దిక్కుతోచక కూర్చున్నారు. అక్టోబరు 15న సేవలు మళ్లీ మొదలైనప్పుడు సుంకాన్ని బుకింగ్ కౌంటర్లోనే, పంపేవారి దగ్గరే తీసుకునే ఏర్పాటు చేశారు. అవతల అందుకునేవాళ్లు పైసా కట్టక్కర్లేదు. ఇటు నుంచి అటు కుదిరినది అటు నుంచి ఇటు ఎందుకు కుదరదు? సుంకం డల్లాస్ కౌంటర్లోనే కూతురు కట్టేయగలిగితే, తెనాలి దగ్గర తల్లికి పోస్టాఫీసు నుంచి తెలుగులో ఒక్క మెసేజ్ చాలు: మీ పార్సిల్ వస్తోంది, మీరేమీ కట్టక్కర్లేదు.