శాలువా ఒక్కటే సరిపోదు

ఆదివారం ఆరాధనలో ప్రకటనలు చదివేటప్పుడు సంఘ కార్యదర్శి ఆ వారం పుట్టినరోజులున్నవారి పేర్లు పిలుస్తారు. పిల్లలు కొత్త బట్టల్లో పరుగున వస్తారు. ఎనభై దాటిన అవ్వ కోడలి చెయ్యి పట్టుకుని మెల్లగా వచ్చి, కృతజ్ఞతార్పణ కవరు కానుక పళ్లెంలో పెట్టి తల వంచుతుంది. పాస్టరుగారు అందరికోసం ప్రార్థన చేస్తారు. తెలుగు సంఘాల్లో చాలాచోట్ల కనిపించే ఈ ఆచారం చూడటానికి చిన్నదే. కానీ పుట్టినరోజంటే పుచ్చుకోవడం కన్నా ముందు ఇవ్వడం అని పిల్లలకు తెలిసేది ఇక్కడే.

క్రైస్తవులు మొదటినుంచీ పుట్టినరోజులు చేసుకున్నవారేమీ కాదు. పుట్టినరోజు విందు అని బైబిలు స్పష్టంగా చెప్పినవి రెండే: ఒకటి ఫరోది, ఇంకొకటి హేరోదుది. మొదటి విందునాడు రొట్టెలు చేసేవారి పెద్ద ప్రాణం పోయింది. రెండో విందులో బాప్తిస్మమిచ్చు యోహాను తల పళ్లెంలో పెట్టి తెచ్చారు. 3వ శతాబ్దపు వేదాంతి ఒరిగెన్ ఈ రెండింటినీ ఎత్తిచూపి, పరిశుద్ధులెవరూ ఇలాంటి విందు చేసినట్టు లేఖనాల్లో లేదన్నాడు.

ఆనాటి సంఘం పండుగ చేసుకున్నది హతసాక్షులు ప్రాణమిచ్చిన రోజును. స్ముర్న బిషప్పు పొలికార్పును 2వ శతాబ్దంలో చంపినప్పుడు, ఏటా ఆ రోజునే ఆయన జన్మదినంగా జరుపుకుంటామని అక్కడి విశ్వాసులు రాసి ఉంచారు. క్రీస్తును కాదనమన్న అధికారికి, 86 ఏళ్లుగా ఆయన సేవలోనే ఉన్నానని ఆ వృద్ధుడు జవాబిచ్చాడు. వయసు లెక్కంటే ఆయనకు సేవ లెక్కే.

మనిషి ఆయుష్షు 70 ఏళ్లు, బలముంటే 80 అని చెప్పే 90వ కీర్తన మోషే పేరుతో ఉంది. అదే మోషే ఫరో ఎదుట నిలబడి మాట్లాడేనాటికి ఆయనకు 80 ఏళ్లు! కాలేబైతే 85వ ఏట యెహోషువ దగ్గరికి వెళ్లి, బలమైన శత్రువులూ ప్రాకారాలున్న పట్టణాలూ ఉన్న హెబ్రోను కొండసీమను కోరి అడిగాడు.

అందరికీ ఒంట్లో ఆ సత్తువ ఉండదు. బైబిలు ఆ సంగతీ దాచలేదు. బర్జిల్లయికి 80 ఏళ్లు. దావీదు తనతో యెరూషలేముకు రమ్మంటే, తిండి రుచి తెలియడం లేదు, గాయకుల పాట వినపడటం లేదు, రాజుకు భారమెందుకు అన్నాడు. తనకు బదులు కింహామును పంపాడు. తాను ఆగిపోతూ మరొకరిని ముందుకు పంపడం కూడా పనే.

తెలుగు నేలమీదా ఇలాంటివారున్నారు. లూథరన్ మిషన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు, 1930లో 74 ఏళ్ల వయసులో గుంటూరులోనే కన్నుమూశారు. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువాకు ‘క్రీస్తు చరిత్ర’ కావ్యానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది 1964లో. చాలామంది ఇక చాలనుకునే వయసది.

మరి ఇవాళ సంఘంలో పెద్దల పుట్టినరోజు ఎలా జరుగుతోంది? శాలువా, కేకు, నాలుగు ఫొటోలు, వాట్సాప్ స్టేటస్. మర్నాటినుంచి వాళ్లతో ఎవరికీ పనుండదు. ఇది ప్రేమ లేక జరుగుతున్నది కాదు, కానీ పెద్దలకు అన్యాయమే. పాటల సంగతే చూడండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. వాటిని చూసి పాడగలిగే కుర్రకారు ఎందరు? పుస్తకం తెరవకుండానే చరణాలన్నీ పాడే తాతలు, అవ్వలు మాత్రం వెనక వరస కుర్చీల్లో ఊరికే కూర్చుని ఉంటున్నారు.

సంఘ పెద్దలు ఈ ఏడాది ఒక్క పని చేయాలి. పెద్దవారి పుట్టినరోజుకు శాలువా కప్పండి, కాదనం. దాంతోపాటు వారానికో పాత కీర్తన సండేస్కూలు పిల్లలకు నేర్పే బాధ్యత వాళ్లకు అప్పగించండి. గుడిదాకా నడవలేనివారుంటే పిల్లలనే వాళ్ల ఇంటికి పంపండి.