ప్రశ్న కూడ ఒక పరికరమే

చెవి ఎంతవరకు వినగలదో కొలుచుటకు ఆడియోమీటరు కలదు. 250 మొదలు 8000 హెర్ట్జ్‌ల వరకు గల స్వరములను వినిపించి, ఏ స్వరము ఎన్ని డెసిబెల్‌ల వద్ద వినబడినదో దానితో గుర్తింతురు. కొలత తప్పకుండుటకై ఆ యంత్రమును అప్పుడప్పుడు సరిచూతురు. మరి పరీక్షకు ముందు తల్లిదండ్రులను అడుగు ప్రశ్నలను సరిచూచువారెవరు? బిడ్డ ఇంటిలో ఎట్లు వినుచున్నాడో, ఎట్లు మాటలాడుచున్నాడో తెలుపునవి ఆ ప్రశ్నలే గదా!

ఈ కొరత తీర్చు గ్రంథము మానవశాస్త్రము నుండి వచ్చినది. అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ స్ప్రాడ్లీ 1979లో ప్రకటించిన ‘ది ఎథ్నోగ్రాఫిక్ ఇంటర్వ్యూ’ అనునది అది. 1990లో కేరల్ వెస్ట్‌బీ ఒక వ్యాసమున ఆ పద్ధతిని భాషాలోపములు గల పిల్లల కుటుంబములకు అన్వయించి చూపిరి. దాని సారమిది: అడుగువాడు ఉపాధ్యాయుడు కాడు, విద్యార్థి. ‘ఎందుకు?’ అని నిలదీయరాదు. మొదట విశాలముగా అడిగి, జవాబులోని మాటలనే అందుకొని తరువాతి ప్రశ్న వేయవలెను.

ఈ సూత్రముల విలువను మన ఇండ్లలోనే పరీక్షింపవచ్చును. “పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడా?” అనునది సామాన్యమైన ప్రశ్న. మనుమనికి తాతపేరు పెట్టుట మనలో వాడుక. మామగారి పేరు నోట పలుకని కోడలు బిడ్డను ఆ పేరుతో పిలువదు. ‘బుజ్జీ’ అనియో ‘చిన్నా’ అనియో పిలుచును. ఆమె “పలకడండీ” అన్నచో అది చెవి లోపమో, వాడుకలేని పేరో తెలియదు. “ఇంట్లో ఎవరు ఏమని పిలుస్తారు? అప్పుడేం చేస్తాడు?” అని అడిగినచో చిక్కు విడిపోవును. ఇట్లే “తలుపు వేస్తే తిరిగి చూస్తాడు” అను జవాబును నమ్మి ఊరకుండుటయు ప్రమాదమే. నేల అదురునకో, నీడ కదలికకో వినని బిడ్డయు తిరుగును.

మేనరికపు ప్రశ్న ఇంకను సున్నితమైనది. పుట్టుచెవుడునకు గల జన్యుకారణములలో పెక్కింటియందు, ఒకే జన్యువులోని లోపము తల్లినుండియు తండ్రినుండియు వచ్చిననే చెవుడు కలుగును. బిడ్డలో ఒక జన్యుజత రెండును ఒకే పూర్వికుని నుండి వచ్చినవగుటకు అవకాశము, మేనమామను పెండ్లాడినచో 1/8. మేనత్త, మేనమామ పిల్లల పెండ్లియైనచో 1/16. కావున ఈ ప్రశ్న తప్పదు. కాని అత్తగారి ఎదుట, మొదటి మాటగా “రక్తసంబంధమా?” అన్నచో తల్లికి అది నేరారోపణగా వినిపించును, “కాదు” అని ఊరకుండవచ్చును. ఇరువైపుల పెద్దలను గూర్చి నెమ్మదిగా అడిగి వంశవృక్షము గీచినచో వరుస తనంతట బయటపడును. లోపజన్యువు ఇద్దరినుండియు వచ్చుననియు, తల్లిని మాత్రమే తప్పుపట్టుట అశాస్త్రీయమనియు అప్పుడే చెప్పవలెను.

అయినను ఈ పద్ధతి లోపరహితము కాదు. తీరికగల ఒక్క వ్యక్తితో పలుమార్లు కూర్చుండి మాటలాడుటకు ఇది ఏర్పడినది. మన ఆసుపత్రులలో తీరికయుండదు. తండ్రియో, నాయనమ్మయో జవాబు చెప్పుచుండ, దినమంతయు బిడ్డతో గడపు తల్లి మౌనముగా నిలుచును. ఆమెతో విడిగా మాటలాడుట ఎట్లో మనమే కనుగొనవలెను. మరియొక ప్రమాదము: ‘వీరి ఆచారమిది’ అని ముందే తలచినచో, పాత అజ్ఞానము స్థానమున కొత్త దురభిప్రాయము నిలుచును. మామగారి పేరు ధారాళముగా పలుకు కోడండ్రును ఉన్నారు. ఆచారమును ఊహింపరాదు, అడుగవలెను. సంభాషణ యంత్రపరీక్షకు బదులును కాదు. మొదటి నెలలో పరీక్ష, మూడవ నెలలోగా నిర్ధారణ, ఆరవ నెలలోగా తోడ్పాటు అను గడువు దాటకూడదు.

వెనుక బెంచీలో పలుకక కూర్చున్న విద్యార్థిని గూర్చి తండ్రిని పిలిపించు ఉపాధ్యాయునికిని ఇది వర్తించును. “మీవాడు ఎందుకు వినడు?” అనుటకు మారు “ఇంట్లో ఏయే మాటలకు పలుకుతాడు?” అని అడిగి చూడుడు. మొదటి ప్రశ్నకు క్షమాపణ లభించును. రెండవదానికి సమాచారము లభించును.