పాఠం చెప్పేవాడిదే బడి

స్పెయిన్‌లోని బాస్క్ కొండల నడుమ అర్రసాతే అని ఒక ఊరు. స్పానిష్‌లో మోంద్రాగోన్. తల మీద ఉదలాయిత్స్ శిఖరపు బూడిద రంగు రాతిగోడ, కాళ్ల దగ్గర దేబా నది, మధ్యలో కొలిమి వాసన. తరతరాలుగా ఇనుముతో బతికిన లోయ అది. 1943లో ఆ ఊరి వీధి మలుపుల్లో పెట్టెలు వెలిశాయి. అంతర్యుద్ధం ముగిసి నాలుగేళ్లే. ఓటన్న మాటనే మరచిపొమ్మన్న నియంత ఫ్రాంకో రోజులు. ఆ పెట్టెల్లో జనం చీటీలు వేశారు. ఏ నాయకుణ్ణో ఎన్నుకోవడానికి కాదు. మా పిల్లలకు పని నేర్పే బడి కావాలి, అందుకు మేమివ్వగలిగింది ఇదీ అని రాసి వేశారు. ఒకరు డబ్బు, ఒకరు చెమట. ఓటుహక్కు లేని ఊరు బడికి ఓటేసింది! ఇంత సొగసైన నాంది ఏ నాటకానికి దక్కింది? ఆ అక్టోబరులో ఇరవై మంది పిల్లలతో తలుపులు తెరుచుకున్నాయి.

పెట్టెలు పెట్టించినవాడు హోసె మరియా అరిస్‌మెన్దియర్రియెతా. 1941లో ఆ ఊరికి వచ్చిన కుర్ర ఫాదరీ. చిన్ననాడే ఒక కన్ను పోయింది. ఇక గొంతు సంగతి చెప్పాలంటే రసికుడికి కాస్త ఇబ్బందే. ఎత్తుపల్లాలు లేని ఒకే స్వరం, చిక్కులు పడ్డ వాక్యాలు. ఈయన్ని మార్చి ఇంకొకరిని పంపించండని చర్చివాళ్లే అడిగారట. వాచికం సున్నా, ఆంగికం సున్నా. అయినా పదిమంది కుర్రాళ్ల మధ్య కూర్చుని ఒక ప్రశ్న వదిలి ఊరుకునేవాడు. ఆ ప్రశ్న వాళ్లలో రాత్రంతా మెదిలేది. వేదిక మీద ఓడిపోయిన మనిషి వలయంలో కూర్చుని గెలిచాడు! ఈ బడి సంప్రదాయపు అందమంతా ఆ గొంతులేమి నుంచే పుట్టిందని నా గాఢమైన అనుమానం. వాగ్ధాటి ఉన్నవాడై ఉంటే మంచి ప్రసంగాలు మిగిలేవి, అంతే.

ఆ బడి పిల్లల్లో పదకొండుమంది పగలు కర్మాగారంలో పనిచేస్తూ, దూరాన ఉన్న సరగోసా విశ్వవిద్యాలయానికి పరీక్షలు రాసి, 1952లో ఇంజనీర్లయ్యారు. వారిలో ఐదుగురు 1956లో తమ పేర్ల అక్షరాలు కలిపి ఉల్గోర్ అని ఒక చిన్న సంస్థ పెట్టారు. చేసింది కిరసనాయిలు స్టవ్వులు. ఎంత వినయమైన వస్తువు! అదే 1956లో మన ములుకనూరులో సహకార గ్రామీణ బ్యాంకు పుట్టింది. ఈ ఊరి పేరు ఆ ఊరికి, ఆ ఊరి పేరు ఈ ఊరికి అప్పట్లో తెలిసి ఉండదు. కాలానికి ఇలాంటి కొంటె ప్రాసలంటే ఇష్టం.

పదేళ్ల తరువాత, 1966లో, అలెకోప్ వచ్చింది. విద్యార్థులే సభ్యులైన సహకార కర్మాగారం. సగం పూట చదువు, సగం పూట పని. ఆ పని కూలితోనే ఫీజు. నల్లబల్ల మీద గీసిన పళ్లచక్రం మధ్యాహ్నానికి అదే చేతిలో బరువుగా, నూనె జిడ్డుతో తిరిగేది. సూత్రానికి స్పర్శ దొరికిన చోటు అది. చెవికి ఎక్కినది వేలికి దిగే ఆ ఒక్క క్షణం కోసం ఎన్ని ఉపన్యాసాలనైనా వదులుకోవచ్చు.

అయితే నన్ను నిలువునా కట్టిపడేసేది పంతులు పరిస్థితి. 1943 నాటి ఆ బడీ, తరువాత పుట్టిన మరో రెండు సహకార విద్యాసంస్థలూ కలిసి 1997లో మోంద్రాగోన్ విశ్వవిద్యాలయమయ్యాయి. అందులో సభ్యుడిగా చేరిన అధ్యాపకుడు జీతగాడు కాదు, వాటాదారు. తన వంతు మూలధనం కట్టి చేరతాడు. ఏళ్ల తరబడి పనిచేసినవాడికైనా నిన్న చేరిన సభ్యుడికైనా ఒక్కటే ఓటు. సర్వసభ్య సమావేశంలో మూడు పాయలు కలుస్తాయి: అక్కడ పనిచేసేవారు, చదువుకునేవారు, వెలుపలి నుంచి అండగా నిలిచే సంస్థలు. ఇప్పుడు ఇలాంటి అధ్యాపకుడు చిట్టా ఆవర్జాల పాఠం చెబుతున్నాడనుకోండి. నష్టం అంటాడు. ఏ ఊళ్లో ఏ పంతులు నోట విన్నా ఆ మాట అదే, అర్థం అదే. ఇక్కడ మాత్రం దాని వెనుక ఇంకొకటి మోగుతుంది. నష్టం వస్తే అతని వాటా కరుగుతుంది. గడ్డు ఏడాదిలో తన జీతాన్ని తానే చెయ్యెత్తి తగ్గించుకోవాల్సి రావచ్చు. ఆ లోయలోని సహకార సంఘాల్లో సభ్యులు అలా తగ్గించుకున్న సందర్భాలు ఉన్నాయి. చెప్పినది వాచ్యం, మోగినది వ్యంగ్యం! ధ్వనికి ఉదాహరణ కోసం ఆలంకారికుడు ఆనందవర్ధనుడు జమాఖర్చుల పుస్తకం తెరిచి ఉండడు. తెరిచి ఉంటే ఇక్కడ ఒక్క నిమిషం ఆగేవాడు.

ఫాదరీ నాటి వలయం లాంటిదే ఈ విశ్వవిద్యాలయపు తరగతిలో ఇంకొకటి ఉంది. రండి, అందులో ఒక పక్క మనమూ కూర్చుందాం. ఈ వలయం ఫిన్లండ్ నుంచి వచ్చింది. 1993లో యువాస్క్యులా పట్టణంలో యోహన్నెస్ పార్తానెన్ మొదలుపెట్టిన తీమి అకతెమియాలో బల్లలు లేవు, ఉపన్యాసాలు లేవు. గుండ్రంగా కుర్చీలు, నిజమైన డబ్బుతో నిజమైన వ్యాపారం చేసే విద్యార్థి జట్లు, పక్కన ఊరకే ఉండే శిక్షకుడు. 2009లో మోంద్రాగోన్ ఆ పద్ధతిని తెచ్చుకుని, లెయిన్ అనే నాలుగేళ్ల డిగ్రీగా తన నేలలో నాటుకుంది. ఒక జట్టుకు బోణీ అయిన రోజు ఊహించండి. పాత గుడ్డలతో సంచులు కుట్టి సంతలో అమ్మి వచ్చారు. ముఖాల నిండా ఎండ. ఇంత పెట్టాం, ఇంత వచ్చింది, ఇంత మిగిలింది అని ఒక అమ్మాయి గడగడా అప్పజెబుతుంది. చప్పట్లు. శిక్షకుడు నవ్వుతాడు. చప్పట్లు పూర్తిగా చల్లారనిస్తాడు. ఆ తరువాతే అడుగుతాడు: “మరి మీ కూలి?”

ఆహా, ఆ నిశ్శబ్దం! అది తెలియక పుట్టిన మౌనం కాదు, తెలిసివస్తున్నప్పటి మౌనం. ఎవరో వేళ్లు మడుస్తారు. ఎవరో కాగితం లాక్కుంటారు. కుట్టిన రాత్రులు, తిరిగిన దార్లు, కూర్చున్న గంటలు ఒక్కొక్కటే అంకెల్లోకి దిగుతాయి. మిగులు కరిగి, సున్నా దాటి, కిందికి జారుతుంది. శిక్షకుడికి జవాబు తెలుసు. నాలుక చివరన ఉంది. చెప్పడు! ఆ చెప్పకపోవడంలో ఎంత సాధన, ఎంత ప్రేమ, ఎంత నిష్ఠురం! చివరికి ఒక కుర్రాడు మెల్లగా అంటాడు: అయితే మనం మన శ్రమను మనకే అరువిచ్చి, దాన్నే లాభం అనుకున్నామన్నమాట. గిట్టుబాటు అంటే ఏమిటో ఆ గదిలో అప్పుడు పుట్టింది. ఇంకెవరో అందుకుంటారు: ధర పెంచితే కొంటారా? గుడ్డలకు అద్దిన రంగుల నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? వచ్చే ఏడు కూడా ఇదే పని చేయగలమా? పదేళ్లు? చిన్న వ్యాపారం కాలూని నిలబడాలంటే వేసుకోవాల్సిన ప్రశ్నలన్నీ ఒకదాని వెంట ఒకటి, పిలవకుండానే వచ్చి కూర్చుంటాయి.

నాకు నచ్చనిదీ ఉంది, దాచను. గోడల నిండా రంగురంగుల చీటీలు, మూడో మాటకొకసారి ఆవిష్కరణ, ఐదో మాటకొకసారి ప్రపంచాన్ని మార్చడం. రసాభాస. ఆ ఫాదరీ సైకిలు తొక్కుకుంటూ అటుగా వెళితే లోపలికి తొంగిచూసి, ఒక్క ప్రశ్న వేసి వెళ్లిపోయేవాడనుకుంటాను.

అన్ని రసాలూ కరుణలో కలుస్తాయన్నవాళ్లున్నారు. ఈ లోయకూ ఆ ఘట్టం వచ్చింది. స్టవ్వులతో మొదలైన ఆ ఉల్గోర్ వంశమే ఫాగోర్ పేరుతో వంటింటి యంత్రాల మహాసంస్థగా పెరిగి, 2013లో కుప్పకూలింది. పొరుగు సంఘాలు ఎందరో సభ్యులను తమలోకి తీసుకున్నాయి. అయినా మూలవిరాట్టు పడిపోయిన గుడి అది. దాని తరువాత, అదే లోయలో, అదే తుంపరలో, ఒక అధ్యాపకుడు తరగతికి వచ్చి నిలకడ గురించి మాట్లాడాలి. ఏ ముఖంతో? నేనైతే ఆ ముఖాన్నే చూడాలంటాను! ఓటమి ఎరగనివాడు చెప్పే విజయసూత్రాలు అంగట్లో కుప్పలుగా దొరుకుతాయి. తమ ఇంటి దూలం విరగడం చూసినవాడు, విరిగిన చోటు వేలుపెట్టి చూపిస్తూ, ఇక్కడ అప్పు పెరిగింది, ఇక్కడ అమ్మకం పడింది, ఇక్కడ మనం చూసీ చూడనట్టున్నాం అని చెబితే ఆ కంఠంలోని జీర పాఠానికి శ్రుతి.

ఏడాదికొకసారి సర్వసభ్య సమావేశం. ఆ ఏటి లెక్కలు, వచ్చే ఏటి ప్రణాళిక, సభ్యుల ముందు పరుస్తారు. తరగతిలో కూలి లెక్కకట్టడం నేర్చిన విద్యార్థి ప్రతినిధులు అక్కడ తమ వాటా ఓటుతో కూర్చుంటారు. నేర్పిన శిక్షకుడూ అక్కడే, అదే వరుసలో. ఖర్చుల పద్దులో ఒక అంకె దగ్గర విద్యార్థి ఆగుతాడు, చెయ్యెత్తుతాడు, అడుగుతాడు. తప్పించుకునే జవాబుకు వీల్లేదు. ఎందుకంటే అలాంటి జవాబును పసిగట్టడం నేర్పింది ఆ శిక్షకుడే! ఆ క్షణంలో శిక్షకుడి మొహంలో కదిలే భావానికి భరతుడి నాట్యశాస్త్రపు పట్టికలో పేరు వెతికాను. గర్వంలో కాస్త బెదురు, బెదురులో కాస్త నవ్వు. సంచారులన్నీ ఒక్కసారే సంచరిస్తున్నాయి. గొంతు సవరించుకుని, కాగితాలు తిరగేసి, ఆ అంకె ఎలా వచ్చిందో మొదటి నుంచి చెప్పడం మొదలుపెడతాడు.