మంచం పక్కన మనిషి

మన కథల్లో రోగి ఉంటాడు, డోలీ ఉంటుంది, దాటలేని వాగు ఉంటుంది. రోడ్డు వేయలేదన్న కోపం ఉంటుంది. ఆ కోపం న్యాయమైనదే. కానీ డోలీ తిరిగొచ్చాక కథ అయిపోతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి మంచం పక్కన కూర్చున్న కోడలికి 'ఓర్పు గల పిల్ల' అని ఒక్క మాట దక్కుతుంది. ఆ పొగడ్త మీదనే మా అభ్యంతరం.

ఓర్పు అని రాసేస్తే ఆమెను కాసేపు లేపి తాము కూర్చోవాల్సిన పని అందరికీ తప్పిపోతుంది. తునికాకు కోత కొద్ది వారాలే. ఆమె పోలేకపోతే ఆ ఏటి డబ్బు పోయినట్టే. రెండేళ్లకోసారి మేడారం జాతరకు ఊళ్లకు ఊళ్లు కదులుతాయి. లేవలేని ముసలమ్మ దగ్గర ఎవరు ఆగిపోయారో మేం చదివిన ఏ కథా చెప్పలేదు. బడి హాజరుపట్టీ కొంత చెబుతుంది. తమ్ముడికి సికిల్ సెల్ నొప్పులొచ్చి, తల్లి కూలికి పోక తప్పని రోజున అక్క బడికి రాదు.

'ఆదివాసీ ఊళ్లో ఎవరూ ఒంటరి కాదు' అని మన వ్యాసాల్లో తరచూ కనిపిస్తుంది. కోతకు, ఇల్లు కప్పడానికి, చావుకు ఊరు కలిసే మాట నిజం. మలమూత్రాలు ఎత్తే పనికి మాత్రం కలవదు. కలిసినా మొదటి వారమే.

ప్రభుత్వం సంగతి వేరు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నడిచే 'సమర్థ్' పథకంలో సంరక్షకులకు విరామం అనే ఆలోచన ఉంది. అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాల వారికే. 2016 వికలాంగుల హక్కుల చట్టం సికిల్ సెల్‌ను 21 వైకల్యాల్లో చేర్చింది కానీ, ఆ ఒక్క జబ్బుతో 'సమర్థ్' తలుపు తెరుచుకోదు.

మనకు తెలిసిన దారి బదులు పని. సంత రోజున పక్కింటివాళ్లు రోగి దగ్గర కూర్చోవాలి. బదులుగా ఈ ఇంటి మగవాళ్లు వాళ్ల చేలో ఒక పూట కలుపు తీయాలి. (మగవాళ్లే, మళ్లీ ఆమె కాదు.) కూర్చునేవాళ్లకు ముందే నేర్పాలి: మంచం పట్టినవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, కూర్చోబెట్టి తినిపించడం, సికిల్ సెల్ పిల్లలకు నీళ్లు బాగా తాగించడం, చలి తగలనీయకపోవడం, జ్వరమొస్తే ఆగకుండా ఆసుపత్రికి పోవడం. ఇవన్నీ ఆశా కార్యకర్త ఒక పూటలో చూపగలదు, ఆ పూటకు డబ్బు ఇవ్వాలి. జాతర, పురుడు లాంటి రోజులకు ఊరు చాలదు. దగ్గరి ఆసుపత్రిలో రెండు మంచాలు కేటాయించమని ఐటీడీఏను అడగాలి.

కథలు రాసేవాళ్లు సంతకు పోయిన ఆ కోడలి పూటను కూడా రాయండి. చింతచెట్టు కింద ఊరికే పడుకుందని రాసినా సరే.