పెదవిని పెదవితోనే కట్టే పనితనం

కింది పెదవి మీద క్యాన్సర్ పుండు లేస్తే సర్జన్ పుండొక్కటే తీసి ఊరుకోడు. దాని చుట్టూ బాగున్న కండను కూడా సుమారు సెంటీమీటరు మేర కోసేస్తాడు. పుండు చిన్నదిగానే కనిపించినా సగం పెదవి పోవచ్చు. అలా వదిలేస్తే చొంగ ఆగదు, తాగిన నీళ్లు గడ్డం మీదికి కారతాయి, ప, బ, మ పలకవు. అసలు పనితనం అక్కణ్నుంచే మొదలు.

మూడో వంతు లోపు పోతే అంచులు దగ్గరికి తెచ్చి కుట్టేస్తారు. అంతకు మించితే రెండో పెదవి నుంచి ముక్క తిప్పి అతికించే పద్ధతి ఒకటుంది. రెండు మూడు వారాలు పెదవులు రెండూ కలిసే ఉంటాయి, రోగికి ఓపిక కావాలి.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది బెల్‌గ్రేడ్ సర్జన్ కరాపాంజిచ్ 1974లో ప్రకటించిన పద్ధతి. పెదవంటే వట్టి చర్మం కాదు. వక్కాకు సంచి మూతికి తాడులా నోటి చుట్టూ తిరిగే కండరం ఉంది. ఆయన పద్ధతిలో నోటి చుట్టూ వంపుగా గాటు పెడతారు. చర్మం తెగుతుంది గానీ లోపలి రక్తనాళాలను, సన్నటి నరాలను ఒక్కొక్కటిగా వెతికి, విడదీసి, తెగకుండా కాపాడతారు. ఆ తర్వాత మిగిలిన పెదవినే రెండు వైపుల నుంచి మధ్యకు జరుపుతారు. నరం బతికే ఉంటుంది కాబట్టి కొత్త పెదవి మూసుకుంటుంది, టీ వేడి తెలుస్తుంది. నోరు కొంత చిన్నదవుతుంది, కట్టుడు పళ్లు పెట్టుకునేవాళ్లకు అది ఇబ్బందే. అయినా తొడ నుంచో చేతి నుంచో తెచ్చిన చర్మం ఈ పని చేయలేదు.

ఇంకో చిన్న జాగ్రత్త చూడండి. ఎరుపు, చర్మం కలిసే గీత మీద, మత్తు సూది వేయకముందే సిరాతో చుక్కలు పెట్టుకుంటారు. సూది పడితే పెదవి ఉబ్బి, తెల్లబడి ఆ గీత కనపడదు. చర్మం కుట్టేటప్పుడు మొదటి కుట్టు ఆ చుక్కల దగ్గరే. ఒక్క మిల్లీమీటరు తప్పినా ఎదురుగా కూర్చున్నవాళ్లకు తెలిసిపోతుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పాఠకులకు ఒక్క మాట. ఖైనీ, గుట్కా, చుట్ట అలవాటున్నవాళ్ల పెదవి మీద పుండు రెండు మూడు వారాలైనా మానకపోతే పసరు పూస్తూ కూర్చోవద్దు. 2019లో మొదలైన సూర్యాపేట మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనో, దగ్గర్లోని పళ్ల డాక్టరుకో చూపించండి. పెద్ద ఆపరేషన్ కావాలంటే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ఆరోగ్యశ్రీ ఉంది. పుండు చిన్నగా ఉన్నప్పుడే వెళ్తే చాలాసార్లు నాలుగు కుట్లతో సరిపోతుంది.