చాచిన చెయ్యి, ముందు సైటు

ఉయ్యూరు వీరమ్మ తల్లి తిరునాళ్ల లాంటి చోట బెలూన్లు కొట్టే ఎయిర్‌గన్ పట్టుకోని వాళ్లు తక్కువ. మోచెయ్యి బల్లకి ఆనిస్తాం, తుపాకీ మడమను భుజానికి నొక్కుతాం, ఒక కన్ను గట్టిగా మూసి బెలూన్ మీదే చూపు పెడతాం. పోటీల్లో పిస్టల్ కాల్చేవాళ్లు వీటిలో ఏదీ చెయ్యరు. వాళ్లకి ఆనుకోవడానికి బల్ల ఉండదు, రెండో చెయ్యి సాయం రాకూడదు. ఊతం అవుతుందని, పిస్టల్ పట్టిన చేతికి వాచీని కూడా నిబంధనలు ఒప్పుకోవు.

పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. పిస్టల్ సుమారు కిలో బరువు. దాన్ని ఒంటిచేత్తో చాచి పట్టుకుని 75 నిమిషాల్లో 60 సార్లు కాల్చాలి. నీళ్లు నిండిన లీటరు సీసా అలా చాచి పట్టుకుంటే, అరనిమిషంలో భుజం సంగతి తెలిసిపోతుంది.

చెయ్యి వణుకుతుంది. ఎంత గొప్ప షూటరుకైనా వణుకుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా పిస్టల్ కొస కదులుతుంది. కాబట్టి సాధన అంతా వణుకు ఎక్కడ పుడుతుందన్న దాని మీదే నడుస్తుంది. మోచెయ్యి, మణికట్టు బిగుసుకుని, భుజం నుంచి పిస్టల్ కొస దాకా ఒకే ముక్కగా కదలాలి. ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. గురి చూడటానికి పిస్టల్ మీద ఉండే వెనక సైటు గాడికీ, కొసన ఉండే ముందు సైటుకీ మధ్య దూరం ముప్పై సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. లక్ష్యం దానికి సుమారు ముప్పై రెట్ల దూరంలో ఉంది. మణికట్టు వంగి, ముందు సైటు ఆ గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగిందా, పెల్లెట్ మూడు సెంటీమీటర్లు తప్పుకుంటుంది. పది రావలసిన చోట ఏడు వస్తుంది. సైట్లు రెండూ కుదురుగా ఉండి, చెయ్యి మొత్తం భుజం దగ్గర కదిలి, ముందు సైటు అదే మిల్లీమీటరు జరిగితే తప్పు సుమారు ఒక సెంటీమీటరే. తొమ్మిది ఎక్కడికీ పోదు.

అందుకే చూపు ముందు సైటు మీద ఉండాలి. గాడిలో దానికి రెండు పక్కలా సమానంగా సన్నటి వెలుతురు కనపడాలి, పై అంచులు ఒకే గీతలో కలవాలి. లక్ష్యం మసగ్గా ఉన్నా ఫరవాలేదు, ఉండాలి కూడా. పక్షి కన్ను తప్ప మరేదీ కనపడలేదన్న అర్జునుడి కథ విని పెరిగిన మనకు ఇది అంత తేలిగ్గా ఒంటబట్టదు. గురి కూడా చాలామంది నల్లటి వృత్తం నడిమధ్యన పెట్టరు, కింద ఉన్న తెలుపులో పెడతారు. నలుపు మీద నల్లటి సైటు కలిసిపోకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. పెల్లెట్ మధ్యకు చేరేలా సైట్లను ముందే సరిచేసుకుంటారు.

నిలబడే తీరుకి ఒక చక్కని పరీక్ష ఉంది. కళ్లు మూసుకుని చెయ్యెత్తాలి, తర్వాత తెరిచి చూడాలి. పిస్టల్ పక్కకి తిరిగి ఉంటే చేతిని లాగకూడదు, వెనక పాదాన్ని కాస్త జరపాలి. లాగిన కండరం కొన్ని క్షణాల్లోనే మళ్లీ తన దారికి పోతుంది.

ఊపిరి తీసుకుంటూ పిస్టల్‌ను లక్ష్యానికి పైదాకా ఎత్తి, కొంత వదులుతూ తెలుపులోకి దించి, మిగతాది బిగబట్టాలి. కనీసం 500 గ్రాముల ఒత్తిడి కోరే ట్రిగ్గర్‌ను వేలి కొసతో తిన్నగా వెనక్కి, నెమ్మదిగా నొక్కాలి. సైటు మధ్యకి వచ్చిన క్షణాన్ని పట్టుకుందామని వేలు ఎగబడితే మణికట్టు కూడా కదిలిపోతుంది. కొన్ని సెకన్లు దాటినా షాట్ పోలేదంటే చెయ్యి దించెయ్యాలి. నాకు ఈ క్రీడలో అన్నిటికంటే కష్టమనిపించేది ఇదే. గడియారం నడుస్తుంటే, పక్క లేన్‌లో పెల్లెట్లు తగులుతుంటే, ఎత్తిన చేతిని కాల్చకుండా దించడానికి గట్టి మనసు కావాలి.

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో, పదమూడేళ్లకే, జాతీయ పోటీల్లో సీనియర్ మహిళల ఎయిర్ పిస్టల్ స్వర్ణం గెలిచింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. 2025 సెప్టెంబరులో నింగ్‌బో ప్రపంచకప్ ఎయిర్ పిస్టల్ ఫైనల్లో ఆమె స్కోరు 242.6, రెండో స్థానంలో నిలిచిన చైనా అమ్మాయిది 242.5. లక్ష్యం మీద పాయింటులో పదో వంతు అంటే 0.8 మిల్లీమీటరు. ఇరవై నాలుగు షాట్ల ఫైనల్ అంతా కలిపి తేడా అంతే.

మన కృష్ణా తీరానికి గురి కొత్త కాదు. విజయవాడ నుంచి వెన్నం జ్యోతి సురేఖ, బొమ్మదేవర ధీరజ్ విల్లు పట్టుకుని ప్రపంచ వేదికల దాకా వెళ్లారు. వాళ్ల వెనక వోల్గా ఆర్చరీ అకాడమీ లాంటి చోట్ల ఏళ్ల తరబడి జరిగిన కృషి ఉంది. పిస్టల్‌కీ అలాంటి ఆదరణ ఇక్కడ రావాలని నా కోరిక. పది మీటర్ల దూరం పెద్ద మైదానం అడగదు. భద్రత తెలిసిన కోచ్, వెనక గట్టి గోడ ఉన్న ఒక పొడుగాటి హాలు చాలు.

సగం సాధనకు పెల్లెట్ కూడా అక్కర్లేదు. కోచ్ ఎదుట, ఖాళీ అని రెండుసార్లు చూసుకున్న పిస్టల్‌తో తెల్లగోడ వైపు చెయ్యెత్తి, ట్రిగ్గర్ నొక్కి, ముందు సైటు కదిలిందా లేదా గమనించడమే పని. గోడ మీద చుక్క మాత్రం పెట్టకూడదు. పెడితే కన్ను దాని మీదికే పోతుంది.